నల్లతుమ్మ పైపు

కాకి వచ్చింది కానీ దిగలేదు. రేవు గట్టు మీది పొగాకు పందిరి కొసగుంజ ఎక్కి కూర్చుని, మెడ ఒక పక్కకి వాల్చి, కింద ఇసుకలో అరిటాకు మీద పెట్టిన పిండాల వంక చూస్తోంది, సంతలో వంకాయలు ఏరే ముసలమ్మ చూసినట్టు. దానికేం తొందర? తొందరంతా కింద నిలబడ్డ మనుషులకి. బంగార్రాజు పోయి ఇవాళ్టికి పదో రోజు. ఆయన కొడుకులిద్దరూ, పెద్దవాడు అచ్చిబాబు, చిన్నవాడు సత్తిరాజు, బోడిగుండ్లతో, ఒంటికి అంటుకుపోయిన తడిపంచెలతో, చేతులు కట్టుకుని ఇసుకలో నిలబడి ఉన్నారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు, ముట్టకపోతే ఆయన మనసులో ఏదో కొరత ఉండిపోయినట్టు. అది ముట్టేదాకా ఎవరూ గోదావరిలో మునగడానికి లేదు, ఇంటికి పోయి విస్తరి ముందు కూర్చోడానికి లేదు. తాటిచెట్ల నీడన చేరిన బంధుజనం మొదట్లో ఆయన మంచితనం గురించి చెప్పుకున్నారు, తర్వాత ఈ ఏటి పొగాకు గురించి చెప్పుకున్నారు, ఇప్పుడు మాటలన్నీ అయిపోయి ఆవలిస్తున్నారు. మాఘమాసపు ఎండ ఇంతలా గుచ్చుతుందని సత్తిరాజుకి నెత్తిన జుట్టున్నన్నాళ్ళూ తెలియలేదు. పందిట్లో దండేలకి వేలాడుతున్న ఆకు మగ్గుతున్న వాసన గాలికి వచ్చి ముక్కులో కూర్చుంటోంది, అది నాన్న వాసన, నాన్న తుండుగుడ్డ వాసన, నాన్న తిట్టేటప్పుడు ముందుగా వచ్చే వాసన.

అచ్చిబాబు చెప్పుకోవలసినవన్నీ చెప్పి చూశాడు. "నాన్నా, నీ గేదెల్ని అమ్మను. నీ పొలంగట్టు జానెడు కూడా జరగనివ్వను. అత్తని నా ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటాను" అన్నాడు గట్టిగా, గోదావరి అవతలి ఒడ్డుకి వినపడేలా. ఆ చివరి మాటకి వీరవేణి అత్త, మొగుడు పోయిన నాటినుంచీ అన్నగారి పంచనే బతికిన మనిషి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కాకి మాత్రం రెక్క కింద ముక్కు పెట్టి గోక్కుంది. "చిన్నబ్బాయిగారు కూడా ఏదైనా చెప్పుకోవాలండి" అన్నారు పంతులుగారు. సత్తిరాజుకి తెలియలేదు. ఏం చెప్పుకోవాలి? గేదెలు అన్నవి, పొలం అన్న చేతికింద, అత్త ఉండేది అన్న ఇంట్లో. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్ళకి తాళ్ళు కట్టే గుమాస్తా చచ్చిపోయిన రైతుకి ఏమని మాటిస్తాడు? అసలు తనకి చెప్పుకోవాలని లేదు. అడగాలని ఉంది. అడగవలసింది ఒక్కటే, అది పదిమందిలో అడిగేది కాదు, ఇంక ఎవర్నీ అడిగేది కాదు.

పిండాల పక్కన ఒక చుట్ట పెట్టారు. పొద్దున్నే అచ్చిబాబు చుట్టాడు, అరుగు మీద గొంతుక్కూర్చుని, ఆకు మీద నీళ్ళు చిలకరించి, ఈనె లాగేసి, బొటనవేలితో ఒత్తుకుంటూ, అచ్చం నాన్నలాగే నాలిక కొంచెం బయటపెట్టి. చుట్టిన చుట్టని చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళ మధ్య దొర్లించి ఆ చప్పుడు వినడం కూడా నాన్న అలవాటే. బంగార్రాజు ఈ లంకల్లో ఆకు ముట్టుకుని ఏ గట్టుదో చెప్పగలిగిన మనిషి. కొనేవాడు వచ్చి ఎదురుగా నిలబడితే, తన ఆకులో లోపం ఉంటే లోపం ఉందనే చెప్పేవాడు, దాచేవాడు కాదు, అందుకని జనం ఆయన్ని పిచ్చిమారాజు అనేవారు. ఆఖరి రోజుల్లో వేళ్ళు వణికి తనకి తాను చుట్టుకోలేకపోతే అచ్చిబాబు చుట్టినవి తాగాడు. "పెద్దోడి చేతిలో నా చెయ్యుందిరా" అన్నాడు ఒకసారి, పొగ వదులుతూ, సత్తిరాజు ఎదురుగానే, సత్తిరాజు బస్సు దిగి ఇంకా కాళ్ళైనా కడుక్కోకముందే. సత్తిరాజు కూడా చిన్నప్పుడు చుట్టాడు. ఎన్ని చుట్టాడో. ఒకటీ పొగ లాగేది కాదు. ఒకటి బిగుసుకుపోయేది, ఇంకోటి సగంలో విప్పుకునేది. నాన్న ఒక దమ్ము లాగి, దాన్ని గేదెల కుడితి వైపు విసిరేసి, "నువ్వు పోయి చదువుకో" అనేవాడు. చదువుకోమనడం తిట్టుగా విన్నవాడు ఈ లంకల్లో తనొక్కడే అయ్యుంటాడు. చదువుకున్నాడు, ఏం చేస్తాడు? గుమాస్తా అయ్యాడు. కాగితాలు పట్టుకునే చెయ్యి అని పేరు పడింది.

ఆ చేతికి పైపు పిచ్చి పట్టడం మాత్రం ఎవరూ అనుకోనిది. ఆనకట్ట గేట్లు చూడటానికి ఒక తెల్లదొర ఇంజనీరు వచ్చి ఆఫీసు వరండాలో కూర్చుని పైపు వెలిగిస్తే, ఫైలు పట్టుకుని వెళ్ళిన సత్తిరాజు ఫైలు ఇవ్వడం మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. దొర నవ్వి చేతికిచ్చాడు. బరువు లేదు, అరచేతిలో కోడిపిల్లలా వెచ్చగా ఉంది. పొగాకు కూరే గిన్నె అడుక్కీ గొట్టానికీ మధ్య చిల్లు ఎక్కడ కలిసిందో చూద్దామని కన్ను పెట్టి చూశాడు. చూస్తూండగానే ఒక ఆలోచన పుట్టింది, పాడు ఆలోచన, ఇన్నేళ్ళు తనని తినేసిన ఆలోచన: ఇందులో చుట్టక్కర్లేదు కదా. వేలితో ఒత్తే ఒడుపు అక్కర్లేదు. చెక్క తొలిచి చిల్లు సరిగ్గా పెడితే చాలు, అది కొలతలపని, కాగితం మనిషి చెయ్యగల పని. తన చేత్తో చేసిన దాంట్లోంచి నాన్న ఒక్క దమ్ము లాగాలి. లాగి, విసిరేయకూడదు. అంతే. ఒక గొట్టానికి ఇంత తంటా ఎందుకని సూర్యకళ అడిగింది. భార్యకైనా ఎలా చెప్తాడు, నలభై ఏళ్ళ మగవాడు మా నాన్న మెచ్చుకోవాలి అని?

మొదటి పైపు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. చింతచేవ తెచ్చి, అరిగిన ఉలితో తొలిచి, నోట పెట్టుకునే ముక్క కోసం రాజమండ్రి పోయాడు. అక్కడ పాళీ కలాలు చేత్తో చేసే వీరబ్రహ్మం గారని ఉన్నారు, ఆయన కొట్లో నల్లటి ఎబొనైట్ రబ్బరు కడ్డీ ముక్కలు మిగిలిపోతే బుట్టలో పడేస్తారు. "కలానికి సిరా కారకూడదు, మీ గొట్టానికి పొగ ఆగకూడదు, అంతేనండి తేడా" అని ఆయన తన చేతిమర మీద చిల్లు వేసిచ్చారు. ఆ చిల్లు బాగానే ఉంది. తప్పు తను చేశాడు. మన వైపు వడ్రంగి పని చూసి పెరిగిన కళ్ళు కదా, తలుపైనా, ఉయ్యాలబల్లైనా, దేవుడి మందిరమైనా, చెక్కంటే లక్కపాలిష్ పట్టాల్సిందే, పట్టకపోతే పని పూర్తికానట్టే. సత్తిరాజు ఆ పైపుకి బయటా పట్టాడు, లోపలా పట్టాడు. గిన్నె లోపల అద్దంలా మెరిసింది. ఎంత ముచ్చటగా ఉందో! పండక్కి తీసుకుపోయి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న ఆకు నలిపి కూరుతూ, "ఆకుని ఇలా చిదిమేస్తే దాని ఉసురు తగల్దుట్రా?" అన్నాడు. ఆయన లెక్కలో ఆకంటే నిండుగా చుట్టాలి, ముక్కలు చెయ్యడం అంటే మనిషిని అవమానించినట్టు. అయినా కొడుకు తెచ్చాడు కదా అని అగ్గిపుల్ల గీశాడు. నిప్పు తగిలేసరికి లోపలి లక్క కరిగి కాలి, ఆ ఘాటు నెత్తికెక్కి ముసలాయన ఉక్కిరిబిక్కిరయ్యాడు. దగ్గీ దగ్గీ కళ్ళంట నీళ్ళు, నాలిక మీద బొబ్బ. అచ్చిబాబు మంచినీళ్ళ చెంబు పట్టుకుని పరిగెత్తాడు, అత్త వీపు నిమిరింది. తను ఏం చేశాడు? ఆయన చేతిలోంచి జారిపడ్డ పైపు పగిలిందేమోనని కింద వెతికాడు. నాన్న అది చూశాడు. "నీ గొట్టం నా నోట పెట్టన్రా ఇంక" అన్నాడు, కోపంగా కాదు, అలిసిపోయి. కోపంగా అన్నా బాగుండేది.

అక్కడితో మానేసేవాడు మనిషి. సత్తిరాజు మానలేదు. జామవేరు, రేగు, సపోటా, దొరికిన ప్రతి గట్టి చెక్కా పెరట్లో నీడన ఏడాదికేడాది ఆరబెట్టాడు. వంటింట్లో చోటు లేదు, మంచం కింద చోటు లేదు, ఆదివారమంతా ఆకురాయి చప్పుడే. "ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు, మీ పిచ్చి మీకే ఆనందం ఇవ్వట్లేదు కదండీ" అంది సూర్యకళ, చెక్కపొట్టు ఊడుస్తూ, నిజమే మరి. చేసిన పైపులన్నీ ఏమయ్యాయి? ఆఫీసులో పెద్దవాళ్ళు ట్రాన్స్‌ఫరై వెళ్తుంటే ఒకటి ఇచ్చేవాడు. "అబ్బో, నువ్వే చేశావా? ఇంపోర్టెడ్ అనుకున్నానయ్యా" అని షోకేసులో పెట్టుకునేవారు, గాజు బాతు పక్కన. ఒక్కడూ వెలిగించలేదు. గోదావరి జిల్లాల్లో పైపు తాగేవాడెవడు? లంకాకు వేసి తనే తాగి చూసేవాడు, తలతిరిగి నులకమంచం పట్టుకునేవాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నారు కానీ, పెరటి చెట్టు అన్నందుకైనా ఇంట్లోవాళ్ళకి అది చెట్టని తెలియాలి కదా. నాన్న మాత్రం వెళ్ళినప్పుడల్లా, "ఇంకా తొలుస్తున్నావా?" అని అడిగేవాడు, వర్షాలు పడుతున్నాయా అన్నట్టు, అంతకంటే తక్కువగా.

ఆఖరిదే అసలైనది. పశువులకొట్టం వెనక నాన్న పాత ఎడ్లబండి శిథిలమై పడుంటే, చక్రం నడిమి దిమ్మ కోసి తెచ్చుకున్నాడు సత్తిరాజు. నల్లతుమ్మ చేవ. తను పుట్టకముందు కోసిన చెట్టు, ముప్పై నలభై ఏళ్ళు ఇరుసు ఒరిపిడికి, గోదావరి నీళ్ళకి, ఎండకి ఓర్చిన చెక్క, ఇంక దానికి ఆరడానికేం మిగల్లేదు. ఆ చెక్క మీద ఉలి పెట్టిన మొదటి రోజే చేతికి తెలిసింది, ఇది చీలదని. గొట్టం చిల్లు సరిగ్గా గిన్నె అడుక్కే తగిలింది, వెంట్రుకవాసి పైన కాదు, కింద కాదు. లోపల ఏమీ పూయలేదు. బయట తేనెమైనం రుద్ది రుద్ది తుడిచాడు, ఎర్రగా, లోపల దీపం ఉన్నట్టు తేలింది. తీసుకుపోయి ఇస్తే నాన్న చాలాసేపు చేత్తో తిప్పాడు. "మన బండేనా ఇది?" అన్నాడు. ఔనన్నాడు సత్తిరాజు. "బాగుందిరా" అన్నాడు నాన్న. బాగుందిరా! ఆ రాత్రి బస్సులో సత్తిరాజు కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంటుంటే పక్కవాడు జరిగి కూర్చున్నాడు. తర్వాత వెళ్ళినప్పుడు భయపడుతూ అడిగాడు, "తాగుతున్నావా నాన్నా?" అని. "ఆఁ, తాగుతున్నాగా" అన్నాడు నాన్న, వేరే వైపు చూస్తూ. వేరే వైపు చూడటం ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు కనపడలేదు. అప్పుడు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు, రాజమండ్రి పోయి మరీ వీరబ్రహ్మం గారికి చెప్పాడు, మా నాన్న నా పైపే తాగుతున్నాడండి అని.

పందిరి మీద కాకి పక్కన ఇంకోటి వాలింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. పంతులుగారు కండువాతో చెమట ఒత్తుకున్నారు. అప్పుడు వీరవేణి అత్త తాటిచెట్ల నీడలోంచి లేచి వచ్చింది, చేతిలో తుండుగుడ్డ మూటతో. "నాకు తెలుసురా ఏం అడుగుతున్నాడో" అంది. "చిన్నోడు చేసిన గొట్టం. పెట్టెలో పట్టుపంచె కింద దాచుకున్నాడ్రా అన్నయ్య, ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఎందుకైనా మంచిదని పొద్దున్న తెచ్చాను. నీ చేత్తో నువ్వే పెట్టు నాయనా, మీ నాన్న నీకోసమే చూస్తున్నాడు."

జనం కదిలారు. ఆవలింతలు ఆగాయి. అందరి కళ్ళూ సత్తిరాజు మీద పడ్డాయి, అచ్చిబాబు కూడా ఒక అడుగు పక్కకి జరిగి తమ్ముడికి దారిచ్చాడు. జీవితంలో మొదటిసారి అన్న తనకి దారివ్వడం. సత్తిరాజు ఒక అడుగు ముందుకి వేశాడు. పట్టుపంచె కింద! ఎవర్నీ ముట్టనివ్వలేదట! తడి చేతులు పంచెకి తుడుచుకుని మూట అందుకున్నాడు, విప్పాడు. పైపు మెరిసింది. తను రుద్దిన మైనం అలాగే ఉంది, ఒక్క గీతైనా పడలేదు. వంగి పిండాల పక్కన పెట్టబోతూ, అలవాటు కొద్దీ, చేసేవాడి అలవాటు కొద్దీ, గిన్నె లోపలికి చూశాడు.

లోపల ఎర్రటి చెక్క. నిన్న తొలిచినట్టుంది. మసి లేదు, బూడిద లేదు, ఒక్క అగ్గిపుల్ల తగిలినా అంచు నల్లబడుతుంది, అంచు నల్లబడలేదు. ఉలి గీత ఒకటి అడుగున వదిలేశాడు తను, అది కూడా అలాగే ఉంది. తాగుతున్నాగా. ఎవరికీ అబద్ధం చెప్పని మనిషి. ఊరివాళ్ళు పిచ్చిమారాజన్న మనిషి, సొంత ఆకులో లోపం కొనేవాడికి చూపించిన మనిషి, ఎవరికో దారిన పోయేవాడికి ఇచ్చిన నిజం కన్నకొడుక్కి ఇవ్వలేకపోయాడు. ప్రేమతో చెప్పాడా? ప్రేమైతే ఒక్కసారి వెలిగించేవాడు, నాలిక మీద బొబ్బ గుర్తుంటే గుర్తుంది, ఒక్క దమ్ము, ఒక్క అగ్గిపుల్ల. కాదు, పిచ్చివాడితో వాదన ఎందుకని ఔనన్నాడు. ముష్టివాడికి చేతిలో ఉన్నది వేసి పంపినట్టు ఒక మాట వేసి పంపాడు. దాచుకున్నాడట! దాచుకోవడం వేరు, దాచిపెట్టడం వేరు, పట్టుపంచె కింద పెట్టినంత మాత్రాన... నాన్నా, బాగాలేదని అనుంటే ఇంకోటి చేసేవాణ్ణి కదా. విసిరేసినా బాగుండేది, చిన్నప్పుడు విసిరేసినట్టు, కుడితి వైపు. అప్పుడు నన్ను మనిషిగా లెక్కపెట్టావు. సత్తిరాజు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. వెనక అత్త ముక్కు చీదింది. ఏం చేస్తాడు, పెట్టాడు. చుట్ట పక్కన, అన్న చుట్టిన చుట్ట పక్కన, పైపు పెట్టి లేచి వెనక్కి నడిచాడు.

ముందు వాలి ఉన్న కాకి పందిరి మీంచి దిగింది. "వస్తోంది, వస్తోంది" అన్నారు ఎవరో. ఇసుకలో నాలుగు గెంతులు వేసి, పైపుని చూసి, ఆగింది. పైపు మీద ఎండ పడి కళ్ళకి కొడుతోంది. కాకి వెనక్కి గెంతింది. మళ్ళీ ముందుకి వచ్చింది, మళ్ళీ ఆగి, రెక్కలు విప్పి ఎగిరిపోయి గుంజ మీద కూర్చుంది. కొత్త వస్తువంటే కాకికి అనుమానం, మెరిసేదంటే మరీ అనుమానం, ఇది సత్తిరాజుకి తెలుసు, ఇందులో నాన్నేమీ లేడు, నాన్న కాలి బూడిదై గోదాట్లో కలిసిపోయాడు, అది ఉత్త కాకి, పొద్దున్నించీ ఆకలి మీదున్న పిట్ట. ఇంత తెలిసీ పైపు మీంచి చూపు పక్కకి తిప్పుకున్నాడు. నీడలో గుసగుసలు మొదలయ్యాయి. ఎండ నడినెత్తికి వస్తోంది. పంతులుగారు దగ్గి, మాట మెత్తగా చేసి, "ఏమనుకోకండి, ఆ వస్తువు చూసి జడుస్తున్నట్టుంది. ఓసారి పక్కకి తీసి చూడండి" అన్నారు. తీయవలసిందెవరో అందరికీ తెలుసు. చివరికి అచ్చిబాబే, చిన్నప్పటినుంచీ తమ్ముణ్ణి ఒక్క మాట అనని అచ్చిబాబు, ఇసుకలోకి చూస్తూ, "తమ్ముడూ, నువ్వే తియ్యరా" అన్నాడు.

సత్తిరాజు వెళ్ళాడు. ఇసుక అరికాళ్ళని కాల్చింది. పైపు అప్పుడే ఎండకి వేడెక్కి ఉంది, అరచేతిలోకి తీసుకుంటే నిజంగా ఎవరో తాగి పెట్టినంత వెచ్చగా ఉంది. లేచి, వెనక్కి తిరిగాడు. ఇంకా అడుగు వెయ్యలేదు. వీపు వెనక రెక్కల చప్పుడు, టపటపా, ఒకటి, రెండు, ఇంకా ఎన్నో. జనం ఒక్కసారిగా లేచారు. "ముట్టింది! ముట్టిందండీ!" పంతులుగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. అచ్చిబాబు ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి "నాన్నా" అని బావురుమన్నాడు. సత్తిరాజు తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు. ఎంత ఆకలిగా తింటున్నాయో ఆ చప్పుడే చెబుతోంది.

వీరవేణి అత్త వచ్చి అతని బోడిగుండు రెండు చేతులతో పట్టుకుని రొమ్ముకి అదుముకుంది. పదిమందికీ వినపడేలా అంది, "చూశార్రా, నా చిన్నోడి చెయ్యి తగిలేదాకా కదల్లేదు. వీడి చేతి కోసమే ఆగాడు మా అన్న. ప్రాణమంతా వీడి మీదే పెట్టుకు పోయాడు" అని. నిజమేనన్నట్టు అందరూ తలలూపారు. అప్పుడు సత్తిరాజుకి ఏడుపొచ్చింది, ఈ పది రోజుల్లో ఒక్క చుక్కైనా రాని ఏడుపు. ఆపుకుందామన్నా ఆగలేదు, పైపు పట్టుకున్న చెయ్యి అత్త భుజం మీద వేసి, వెక్కి వెక్కి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. చూస్తున్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. పోన్లే, ఇన్నాళ్ళకైనా కొడుకు తండ్రి కోసం ఏడ్చాడని చెప్పుకుంటూ, ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగారు.